ధనరాజు మేస్టారు రాయించిన పుట్టినరోజులు

మా బడి అడ్మిషన్ రిజిస్టరు ప్రకారం నలభై ముగ్గురు పిల్లలు జూన్ ఒకటో తేదీన పుట్టారు. ఏడాదులు వేరు, తేదీ మాత్రం ఒకటే. ఆ తేదీలు నోటితో చెప్పినవాడు ధనరాజు, చేత్తో రాసినవాణ్ణి నేను. నా పేరు జానకిరామయ్య అనుకోండి, తెలుగు మేస్టారిని. మొన్న మార్చి ముప్ఫై ఒకటిన రిటైరయ్యాను. మా నాన్నగారు శ్రీకూర్మంలో పిల్లలకి సంగీతం చెప్పేవారు. నాకు ఆయన గొంతు రాలేదు, దస్తూరీ మాత్రం వచ్చింది. దస్తూరీ బాగుంటుందన్న పాపానికి ఆ రిజిస్టరు పాతికేళ్ళకు పైగా నా నెత్తిన పడింది.

బడి ఏ ఊళ్ళో ఉందో చెప్పను. ఆమదాలవలసకి దగ్గరే, నాగావళి పక్కనే అనుకోండి. పేర్లన్నీ మార్చాను. ఎందుకు మార్చానో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది. నన్ను పిరికివాడని అనుకుంటే అనుకోండి, మీరు పెద్దగా పొరబడినట్టేమీ కాదు.

ధనరాజు మా డ్రిల్లు మేస్టారు. మనిషి పొట్టి, నడక మాత్రం పొడుగువాడిది. ఎడమకాలు కాస్త ముందుగా పడుతుంది. శృంగవరపుకోట దగ్గర, కొండ కింద పల్లె వాళ్ళది. తండ్రి నరసింగరావుకి రెండెకరాలు ఉండేవి. కింద మడిలో వరి, పైన మెరకలో చోళ్ళు, అంటే రాగులు, వేసేవాడు. కొడుకు విజయనగరంలో ఫుట్‌బాల్ మ్యాచి ఆడుతున్నాడంటే క్యారేజీలో చోడంబలి పోసుకుని బస్సెక్కి వచ్చేవాడట. ఆట ఆయనకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. బంతి కొడుకు వైపు వస్తే మాత్రం లేచి నిలబడేవాడు, వెళ్ళిపోతే కూర్చునేవాడు.

ఆ బంతి కోసమే ధనరాజు తొమ్మిదో తరగతిలో బడి మానేశాడు. పదిహేడేళ్ళకే జిల్లా జట్టులో లెఫ్ట్ బ్యాక్. అతన్ని దాటుకుని ముందుకెళ్ళినవాళ్ళు తక్కువని, అతనితో ఆడినవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. తొంభై ఒకటిలో రైల్వే జట్టు కోసం సెలక్షన్లు పెట్టారు, ఎంపికైతే రైల్వేలో ఉద్యోగం. మూడు రోజులు ఆడించి, కోచ్ భుజం మీద చెయ్యేసి, ఎల్లుండి వచ్చి కాగితాలు ఇచ్చి వెళ్ళమన్నాడు. ఇతను జిల్లా సర్టిఫికెట్లన్నీ గుడ్డసంచీలో పెట్టుకుని వెళ్ళాడు. గుమాస్తా అన్నీ తిరగేసి, "ఇవన్నీ ఆటవి బాబూ, పదో తరగతిది ఏదీ?" అన్నాడు. లేదు. ఎవరెంత చెప్పినా కుదరలేదు. ఆ వారమే అతని స్థానంలో ఇంకొకరిని తీసుకున్నారు.

తండ్రికి ఈ సంగతి చెప్పడానికి అతనికి నెల పట్టిందట. ఉద్యోగం వచ్చిందనుకుని ఆయన ఊరంతా చెప్పుకుని తిరుగుతున్నాడు. ఇరవయ్యొక్కేళ్ళ వయసులో మీసాలు పెట్టుకుని, పదిహేనేళ్ళ పిల్లల మధ్య బల్ల మీద కూర్చుని పదో తరగతి ప్రైవేటుగా రాశాడు. లెక్కలు మూడుసార్లు తప్పాడు. ఆ తర్వాత ఇంటరు, డిగ్రీ, ట్రైనింగు. మా బడికి వచ్చేసరికి ముప్ఫయ్యో పడిలో అడుగుపెట్టాడు. అప్పటికే నరసింగరావు పోయాడు.

అలాంటివాడు ఆటని తిట్టుకుంటూ బతకాలి, లేదా చదువుని తిట్టుకుంటూ బతకాలి. ఇతను రెండూ చెయ్యలేదు. వచ్చిన మొదటివారమే బడిలో ఉన్న ఒకే ఒక్క ఫుట్‌బాల్ తెచ్చి నా రిజిస్టరు బీరువాలో పెట్టి తాళం వేశాడు. "పొద్దున్న హాజరు పిలిచేక జట్టులో ఒక్కడు తక్కువైనా ఆరోజు బంతి బయటికి రాదు మేస్టారూ," అన్నాడు. పిచ్చి ఆలోచన అనుకున్నాను. నెల తిరగకుండా జట్టు పిల్లలే ఊరి మీద పడి, గేదెల వెనక ఉన్నవాణ్ణీ, చింతచెట్టు మీద ఉన్నవాణ్ణీ రెక్క పట్టుకుని లాక్కొచ్చేవారు. జ్వరమొచ్చినవాణ్ణి కూడా ఒకసారి మంచంతో సహా మోసుకొచ్చారు. వాణ్ణి తిరిగి ఇంటికి పంపించి, ఆరోజుకి మినహాయింపు ఇచ్చాడు ధనరాజు.

ముందు బడి, తర్వాత బంతి. ఆ మాట అతను రోజుకి పదిసార్లు అనేవాడు. వినీ వినీ నాకు విసుగొచ్చేది.

తిత్లీ తుఫానప్పుడు పదహారుమంది పాత ఆటగాళ్ళని లారీలో ఎక్కించుకుని ఉద్దానం వెళ్ళి, పదకొండు రోజులు పడిపోయిన కొబ్బరిచెట్లు కోసి దారులు తీశాడు. తిరిగొచ్చాక చేతులకి కట్లతో నా ఎదురుగా కూర్చుని మార్కులు వేయించుకున్నాడు, తను కలం పట్టుకోలేక. ఇలాంటివి చెప్పుకుంటూ పోతే చాలా ఉన్నాయి. చెప్పవలసింది మాత్రం స్టేషను సంగతి.

మా వైపు పల్లెల్లో సగం ఇళ్ళవాళ్ళు పనుల కోసం బయటి ఊళ్ళలోనే ఉంటారు. హైదరాబాదు, చెన్నై, ఎక్కడ మేడలు లేస్తుంటే అక్కడ. వేసవిలో గ్రామదేవత సంబరానికి వస్తారు, జూన్ మొదట్లో తిరిగి బండెక్కుతారు. అక్కడ పెద్దవాళ్ళు ఇటుకలు మోస్తే పిల్లలు చంటివాళ్ళని మోస్తారు. ధనరాజు ఊళ్ళు తిరిగి చెప్పి చూశాడు. "అలాగే బాబూ" అనేవారు. మర్నాటికి ఇంటికి తాళం ఉండేది. ఎవరు తప్పించుకున్నా చివరికి ఎక్కవలసింది ఆమదాలవలస స్టేషనులోనే కదా అని అతనికి అప్పుడు తోచింది.

అప్పట్నుంచీ ప్రతి జూన్ మొదటివారం సికింద్రాబాదు వెళ్ళే మధ్యాహ్నం బండికి ముందు ప్లాట్‌ఫారం మీద ఉండేవాడు. ఒక చేతిలో బంతి, రెండో చేతిలో అడ్మిషన్ ఫారాలు. బంతిని నేలకేసి కొడితే పిల్లలు చేరేవారు. పిల్లల వెనక తల్లులు వచ్చేవారు. తల్లులతో అతను మాట్లాడేవాడు. కొందరు తిట్టేవారు, కొందరు పిల్లని వదిలి వెళ్ళేవారు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాడని ఎవరో చెబితే ఒకసారి రైల్వే పోలీసులు పట్టుకుని కూర్చోబెట్టారు. నేను వెళ్ళి విడిపించాను. "నీ మొహం చూస్తే నాకూ అనుమానంగానే ఉంటుందయ్యా," అంటే నవ్వాడు. అలా మొదట దిగిన పిల్ల ధనలక్ష్మి. ఇరవై ఏళ్ళ కిందటి మాట. ఇప్పుడు ఆ పిల్ల ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సు. ఆ తర్వాత దిగిన మోహనకృష్ణ సైన్యంలో ఉన్నాడు. ఇంకా చాలామంది ఉన్నారు.

ఆ పిల్లలకి పుట్టిన తేదీలు ఉండేవి కావు. తల్లికి ఏ తుఫానో, ఏ సంబరమో గుర్తుండేది. బడికి తేదీ కావాలి. ధనరాజు పిల్లని చూసి ఒక ఏడాది అనుకుని, జూన్ ఒకటి అని చెప్పేవాడు. కింద సాక్షి సంతకం తనే పెట్టేవాడు. నేను రిజిస్టరులో ఎక్కించేవాణ్ణి. బడి కాగితం చూసి ఆధార్ కార్డు చేసేవారు. అక్కడితో ఆ తేదీ నిజమైపోయేది.

రెండు వేల ఇరవై రెండు జూన్‌లో నేను విజయనగరంలో ఒక పెళ్ళికి వెళ్ళి, తిరుగు బండిలో ఆమదాలవలసలో దిగాను. నా ఇల్లు అక్కడే. ధనరాజు బెంచీ దగ్గర నిలబడి, "మేస్టారూ, కలం ఉన్నాదా?" అన్నాడు. బెంచీ మీద జగ్గమ్మ అనే ముసలామె, పక్కన గోనెసంచి. ఎదురుగా ఆమె మనవరాలు రేఖ. చుట్టూ నలుగురు మగపిల్లలు ఎగబడుతున్నా బంతిని ఎడమకాలి పక్కనుంచి పోనివ్వడం లేదు.

"దీన్నొగ్గీసి నానెలాగెల్తాను బాబూ. అమ్మా అయ్యా ఇద్దరూ పనికెల్తారు. దీని తమ్ముడు చంటోడు. ఆడ్ని ఎవులు సూస్తారు," అంటోంది జగ్గమ్మ.

"నువ్వెల్తన్నావు కదా, నువ్వు సూడు. ఇది ఇక్కడ హాస్టల్లో ఉంటాది. ఎన్నేళ్ళమ్మా దీనికి?"

"ఏళ్ళు నాకేటి తెలుసు. నీలం తుఫాను నాడు పుట్టినాది. ఏరు పొంగిపోయి ఎవులూ రాలేదు. నానే బొడ్డు కోసేను."

నీలం తుఫాను వచ్చింది రెండు వేల పన్నెండు నవంబరులో. అంటే పిల్లకి తొమ్మిదిన్నర. బడి ముఖం చూడని పిల్లని వయసుని బట్టి తరగతిలో వేస్తారు. తొమ్మిదేళ్ళయితే నాలుగు. నాలుగో తరగతికి హాస్టలు లేదు. ఆరో తరగతిలో వెయ్యాలంటే పదకొండు నిండాలి. ఇవన్నీ మా ఇద్దరికీ తెలుసు. జగ్గమ్మకి తెలిసింది ఒక్కటే, బండి గంటలో వస్తుందని.

"రాయండి మేస్టారూ. రెండు వేల పదకొండు, జూన్ ఒకటి," అన్నాడు ధనరాజు.

"నీలం పన్నెండులో కదయ్యా వచ్చింది."

"పన్నెండని రాస్తే ఇది బండెక్కుతాది. మీ ఇష్టం."

రాశాను. జగ్గమ్మ వేలిముద్ర వేసింది, ధనరాజు సాక్షి సంతకం పెట్టాడు. ముసలామె మనవరాలి తల నిమిరి, గోనెసంచి ఎత్తుకుని బండెక్కింది. పిల్ల ఏడ్చింది. ధనరాజు బంతి ఇచ్చాడు. వయసు పెంచి రాస్తే ఎవరికి నష్టం, ఎప్పుడో ఉద్యోగం వస్తే ఏడాదిన్నర ముందుగా రిటైరవుతుంది, అంతే కదా అనుకున్నాం. ఆటలో వయసు తక్కువ ఉంటేనే లాభమని లోకంలో అందరికీ తెలుసు. ఆటలోనే పుట్టి పెరిగిన ధనరాజుకి ఆ గంటలో అది తట్టలేదు. అతనికి కనిపించింది బండెక్కబోతున్న ఒక పిల్ల. నాకైతే ఏమీ కనిపించలేదు, ఇంటికెళ్ళి భోంచెయ్యాలన్న తొందర తప్ప.

రేఖకి అక్షరాలు నేనే నేర్పాను. మొదటి ఏడాది చేత్తో రాసేదానికన్నా చెరిపేదే ఎక్కువ. రెండో ఏడాదికి పాఠం గడగడా చదివేది. ఆటలో మాత్రం ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి పై తరగతి మగపిల్లలు కూడా ఆ పిల్లకి ఎదురు నిలవలేకపోయేవారు. ధనరాజు ఎవర్నీ పొగిడే రకం కాదు. ఒకరోజు నా పక్కన కూర్చుని, "ఈ గుంటపిల్లని నేనైతే ఆపలేకపోదును మేస్టారూ, నా మంచిరోజుల్లో కూడా," అన్నాడు. అన్నాక కళ్ళు తుడుచుకున్నాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

నిరుడు నవంబరులో విజయనగరంలో సెలక్షన్లు జరిగాయి. బయటి రాష్ట్రంలో పెద్ద శిక్షణ సంస్థ ఒకటి పిల్లల్ని ఎంచుకుంటోంది. కాలేజీ చదువు అయ్యేదాకా తిండీ, చదువూ, ఆటా అన్నీ వాళ్ళే చూసుకుంటారు. మన ఉత్తర జిల్లాలన్నిటి నుంచీ మూడువందల మంది ఆడపిల్లలు వచ్చారు. నలుగురిని తీసుకున్నారు. అందులో మొదటి పేరు రేఖది. రెండు వేల పన్నెండు జనవరి ఒకటి తర్వాత పుట్టిన పిల్లలే అర్హులు. ఆ నిబంధన ధనరాజు చదివాడు. పదమూడేళ్ళ పిల్ల కదా అని తీసుకెళ్ళాడు. కాగితం మీద పిల్ల వయసు వేరని, మూడేళ్ళ కిందట తనే చెప్పి రాయించాడని, ఆ బల్ల దగ్గర నిలబడేదాకా అతనికి గుర్తు లేదు.

బల్ల దగ్గర ఉమాశంకర్ అనే అధికారి. మంచివాడే. మణికట్టు ఎక్స్‌రే, ఆధార్, బడి సర్టిఫికెట్ పక్కపక్కన పెట్టుకుని చూశాడు.

"ఎముక పరీక్షలో పదమూడు అని వచ్చింది. కాగితంలో పద్నాలుగున్నర ఉందేంటి మాస్టారూ?"

"కాగితం తప్పండి. ఎముకే నిజం," అన్నాడు ధనరాజు.

"ఇరవై ఏళ్ళుగా ఈ బల్ల దగ్గర కూర్చుంటున్నాను. వయసు తగ్గించి తెచ్చేవాళ్ళు వందలమంది వస్తారు. పెంచి తెచ్చినవాళ్ళని ఇవాళే చూస్తున్నాను. మీ మాట నమ్మాలనే ఉంది. కానీ రెండూ సరిపోవాలి. పన్నెండు రోజులు ఆగుతాను. దిద్దిన సర్టిఫికెట్ తెండి."

దిద్దడం కుదరని పని కాదు. ఆ ఫారం మీద సాక్షి సంతకం పెట్టిన మనిషి, తెలిసే తప్పు తేదీ చెప్పానని రాసివ్వాలి. దాన్ని హెడ్‌మాస్టరు పై ఆఫీసుకి పంపాలి. ఎముక రిపోర్టు చేతిలో ఉంది కాబట్టి వారంలో పని అయ్యేది. అయితే తెలిసి తప్పు రాయించిన ఉద్యోగిని ఊరికే వదలరు. రిజిస్టరు తెప్పించుకుంటారు. అందులో అదే సాక్షి, అదే జూన్ ఒకటి, నలభై మూడుసార్లు కనిపిస్తాయి. రాసిన చెయ్యి ఎవరిదని కూడా అడుగుతారు.

ఆ ఆదివారం పొద్దున్న ధనరాజు మా ఇంటికి వచ్చాడు. వీధి అరుగు మీద కూర్చుని జేబులోంచి కాగితం తీశాడు. అంతా రాసుకొచ్చాడు, సంతకం మాత్రం పెట్టలేదు. మీ పేరు ఎక్కడా రాయలేదు మేస్టారూ, తప్పంతా నాదేనని రాశాను, చదివి చూడండి అన్నాడు. చదివాను. భాషలో తప్పుల్లేవు.

"ఉద్యోగం పోతే?" అన్నాను.

"పోనీండి. ఆ గుంట వెళ్తాది కదా."

నా రిటైర్మెంటుకి నాలుగు నెలలుంది. పింఛను కాగితాలు కదులుతున్నాయి. అప్పుడు నేనన్న మాట ఇది: "నువ్వు పోతే పోతావయ్యా. మిగతా నలభై ఇద్దరి మాటేమిటి? ధనలక్ష్మి ఉద్యోగంలో ఉంది. మోహనకృష్ణ సైన్యంలో ఉన్నాడు. వాళ్ళ తేదీలూ నువ్వు చెప్పినవే. ఒకటి తప్పని తేలితే అన్నీ తవ్వుతారు. ఒక్క పిల్ల కోసం అంతమందినీ వీధిలోకి ఈడుస్తావా?" ఎంత న్యాయంగా ఉందో చూడండి. నేను క్లాసులో చెప్పే పాఠాలకన్నా ఇది బాగా చెప్పాను. ధనరాజు కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అక్కడితో ఊరుకోలేదు నేను. మనసు మార్చుకుంటాడేమోనన్న భయంతో ధనలక్ష్మికి ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. నువ్వొచ్చి వద్దని చెబితే వింటాడని కూడా చెప్పాను. మర్నాడు మధ్యాహ్నం ఆ పిల్ల ఆసుపత్రి చీరతోనే బడికి వచ్చింది. ధనరాజు మైదానం పక్కన గది ముందు కూర్చుని ఉన్నాడు. నేను పక్కనే ఉన్నాను.

"సంగతి తెలిసింది మేస్టారూ," అంది. "సంతకం పెట్టీండి."

ధనరాజు తలెత్తి చూశాడు.

"ఆరోజు మీరు నన్ను బండి దించకపోతే నానెక్కడుందును. నా ఉద్యోగానికి ఏటైనా అయితే అవుతాది. నాకు ఇప్పుడు బతకడం తెలుసు. ఆ పిల్లకి ఇది మళ్ళీ రాదు."

"మోహనకృష్ణో?"

"ఆడికి నాను సెప్తాను."

"ఆడి తల్లికి ఎవులు సెప్తారమ్మా?"

ధనలక్ష్మి కొంగుతో మొహం తుడుచుకుంది. "నీ డ్యూటీ టైమయింది, వెళ్ళు," అన్నాడు ధనరాజు. ఆ పిల్ల వంగి అతని కాళ్ళకి దండం పెట్టి వెళ్ళింది. నా వైపు చూడలేదు. పన్నెండు రోజులూ గడిచిపోయాయి. పదమూడో రోజున ఉమాశంకర్ ఫోన్ చేసి, అయిదో పేరున్న పిల్లని తీసుకున్నామని, చాలా బాధగా ఉందని చెప్పాడు.

రేఖకి ధనరాజే చెప్పాడు. ఆట అయిపోయి, పిల్లలందరూ వెళ్ళాక, మైదానం గట్టు మీద కూర్చోబెట్టి చెప్పాడు. నేను వరండాలో పరీక్ష కాగితాలు దిద్దుతున్నాను. ఒక్క కాగితం కూడా దిద్దలేదనుకోండి.

"సార్, నేను నిజంగా ఎప్పుడు పుట్టేను?" అని అడిగింది పిల్ల.

"నీలం తుఫానులో."

"అంటే నాకు పదమూడే కదా."

"పదమూడే."

"మరి కాగితం మార్చడానికి అవదా సార్?"

"అవదమ్మా."

"మీరు అడిగేరా?"

"అడిగేను."

"మీరు అడిగినా అవలేదంటే ఇంకెవులడిగినా అవదు," అని తలూపింది రేఖ. ఏడుస్తుందేమోనని చూశాను. ఏడిస్తే బాగుండేది. బూట్లు విప్పి, మట్టి దులిపి, రెండిటినీ జత చేసి అతని పక్కన పెట్టింది. రేపు లెక్కల పరీక్ష ఉంది సార్ అని లేచి హాస్టలు వైపు నడిచింది. ఆ పరీక్షలో యాభైకి నలభై తొమ్మిది వచ్చాయి.

అప్పట్నుంచీ ఆ పిల్ల బంతి ముట్టుకోలేదు. ఎవరి మీదా కోపం చూపించలేదు. పిలిస్తే వచ్చేది, బంతి అందించమంటే చేత్తో తీసి ఇచ్చేది. సాయంత్రం ఆట వేళకి వరండాలో నా పక్కన చాప వేసుకుని చదువుకునేది. అర్ధసంవత్సరం పరీక్షల్లో తొమ్మిదో తరగతికి ఫస్టు వచ్చింది. ధనరాజు జీవితమంతా పిల్లల చెవిలో పోసిన మాటని తు.చ. తప్పకుండా పాటించిన పిల్ల ఆ ఒక్కతే. ఆ మార్కుల జాబితా స్టాఫు రూములో చదివినరోజు అతను లేచి బయటికి వెళ్ళిపోయాడు. "ముందు బడి" అన్న మాట అతని నోట నేను మళ్ళీ వినలేదు.

నా రిటైర్మెంటు సభ బాగానే జరిగింది. శాలువాలు కప్పారు, దండలు వేశారు. నా నిజాయితీ గురించి హెడ్‌మాస్టరు పావుగంట మాట్లాడారు. సభ అయ్యాక ధనరాజు నా సంచీ పట్టుకుని బస్సు స్టాపు దాకా వచ్చాడు. ఎండ బాగా ఉంది. రోడ్డు మీద మేమిద్దరమే. ఇంక దాచుకోలేక చెప్పేశాను. ఆరోజు నలభై ఇద్దరి గురించి మాట్లాడింది నా పింఛను కోసమేనని, ధనలక్ష్మికి ఫోన్ చేసింది కూడా నేనేనని చెప్పాను.

"తెలుసు మేస్టారూ," అన్నాడు.

"తెలిసి ఎందుకు ఊరుకున్నావు?"

సంచీ ఒక చేతిలోంచి రెండో చేతికి మార్చుకున్నాడు. "ఆ కాగితం పట్టుకుని తిన్నగా హెడ్‌మాస్టరు దగ్గరికి వెళ్ళొచ్చు కదా నేను. సంతకం ఇంటికాడే పెట్టుకోవచ్చు. మీ అరుగు మీదకెందుకు తెచ్చేను? మీరు వద్దంటారని తెలిసే తెచ్చేను. ఒకపాలి కాగితం లేక రోడ్డు మీద పడ్డాను మేస్టారూ. మళ్ళీ పడాలంటే భయమేసింది. ధనలక్ష్మి ఉద్యోగమైనా వదిలీస్తానన్నాది. నేను వదల్లేకపోయేను."

ఇన్నాళ్ళూ అతన్ని నేనే ఆపాననుకుని కుమిలిపోయాను. కుమిలిపోవడంలో కూడా నాకేదో గొప్ప ఉందనుకున్నానేమో, అదీ పోయింది. దూరంగా బస్సు వస్తోంది.

"రేఖకి సెప్పీనా మేస్టారూ?" అన్నాడు ధనరాజు. "అయ్యేదే అమ్మా, నేనే సెయ్యలేదని?"

అడిగినప్పుడు అతని మొహం చూశాను. చెప్పమంటే ఆ సాయంత్రమే చెప్పేసేవాడు. ఆ పిల్ల కొట్టినా తిట్టినా తల వంచుకుని నిలబడేవాడు. ఆ తర్వాత కాస్త నిద్రపట్టేదేమో అతనికి. చెబితే రిజిస్టరులో ఆ తేదీ ఎవరు రాశారని పిల్ల అడుగుతుంది. నా దగ్గర అక్షరాలు నేర్చుకున్న పిల్ల.

"వద్దు. పసిపిల్ల, తట్టుకోలేదు," అన్నాను.

అతను తలూపి, సంచీ నా చేతికిచ్చి, బస్సెక్కించాడు. ఆ మాట కూడా నా కోసమే అన్నానని బస్సు కదిలాక నాకు తెలిసింది.